బిగించే పనా, అమర్చే వస్తువులా? కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ళకు ఇంటీరియర్ ఎంపికలో ఒక పోలిక

కొత్త ఇల్లు కట్టుకున్నవారూ, పాత ఇంటిని బాగు చేయించుకునేవారూ గోడలకు రంగులు పడే సమయానికి ఒక ప్రశ్న దగ్గర ఆగుతారు. చేతిలో మిగిలిన డబ్బును కప్‌బోర్డులు, టీవీ యూనిట్, ఫాల్స్ సీలింగ్, గోడ ప్యానెళ్ళు వంటి బిగించే పనికి పెట్టాలా, లేక కర్టెన్లు, దీపాలు, జంపఖానాలు, పటాలు, ఇత్తడి సామాను వంటి అమర్చుకునే వస్తువులకు పెట్టాలా అన్నదే ఆ ప్రశ్న. కొటేషన్ ఇచ్చేవారు రెండింటినీ ఒకే కాగితం మీద కలిపి రాస్తారు కాబట్టి, ఏది ఎంత అవసరమో విడదీసి చూసుకునే అవకాశం చాలామందికి దొరకదు.

నా సలహా మొదటే చెబుతాను. సామాను దాచుకోవడానికి ఎంత కావాలో అంతవరకే బిగించే పని చేయించుకోవాలి. అందం కోసం చేసేదంతా తీసి మార్చుకోగల వస్తువులతోనే చేసుకోవాలి. ఈ మూడు ఊళ్ళ వాతావరణం, ఇక్కడ చవకగా దొరికే రాయి, చుట్టుపక్కల పుట్టిన చేతిపనులు, ఈ మూడూ ఆ సలహాకే బలమిస్తున్నాయి. ఎక్కడ దీనికి మినహాయింపు ఉందో కూడా ఆయా చోట్ల చెబుతాను.

ముందు ఎండను, దుమ్మును లెక్క వేసుకోవాలి

హైదరాబాదులోనో బెంగళూరులోనో తీసిన ఫొటోలు చూపించి అలాగే చేయమని అడగడం ఇక్కడ చాలా ఇళ్ళలో జరుగుతున్నది. కానీ అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కర్నూలులోనూ కడపలోనూ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి, కొన్ని రోజులు 44 వరకు పోతుంది. ఇంత పొడి నేలలో గాలి లేచిందంటే దుమ్ము లేచినట్టే. కిటికీ తెరిచిపెట్టిన ఇంట్లో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో గీత గీయవచ్చు. అందువల్ల ఏ వస్తువును ఎంచుకునేటప్పుడైనా, అది ఎంత అందంగా ఉంది అనే ప్రశ్న కంటే ముందు, దాన్ని వారానికి ఒకసారి ఎవరు, ఎట్లా తుడుస్తారు అని అడగాలి. చెక్కడాలు, గాడులు ఉన్న గోడ ప్యానెళ్ళు, అడ్డంగా పట్టీలు ఉండే బ్లైండ్లు, తలుపుల్లేని షోకేస్ అరలు ఈ పరీక్షలో నిలబడవు. నున్నని తలుపులు, ఉతకగలిగిన బట్ట, అద్దం వెనుక పెట్టిన బొమ్మ నిలబడతాయి.

పొడి వాతావరణం వల్ల ఒక మేలు కూడా ఉంది. సముద్ర తీరపు ఊళ్ళలో లాగా గోడలకు బూజు, ఇనుముకు తుప్పు ఇక్కడ అంత త్వరగా పట్టవు. ప్లైవుడ్‌కు ఇంటి లోపల చెమ్మ తగిలే చోట్లు ముఖ్యంగా మూడే: వంటగదిలో సింకు కింద, స్నానాల గదికి ఆనుకున్న గోడ, ఇంకా చాలామంది గుర్తించని మూడో చోటు ఎయిర్ కూలర్ పక్కన. వేసవిలో నాలుగు నెలలు కూలర్ తడి గాలి ఒకే దిక్కుకు కొడుతుంటే, ఆ పక్కన పార్టికల్ బోర్డుతోనో ఎండీఎఫ్‌తోనో (చెక్క పొట్టును, పొడిని అదిమి చేసిన పలకలతో) చేసిన బీరువా ఉంటే, దాని అంచులు ఉబ్బిపోతాయి. కూలర్ ఏ కిటికీకి పెడతారో నిర్ణయించుకున్న తరువాతనే కప్‌బోర్డు ఏ గోడకో నిర్ణయించుకోవాలి.

అల్మరా: ప్లైవుడ్డా, కడప బండా?

బిగించే పనిలో ఎక్కువ డబ్బు పోయేది పడకగదుల అల్మరాలకే. కాబట్టి ఈ ఒక్క విషయాన్ని కాస్త నిదానంగా చూడాలి. మనకు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నుంచి, తాడిపత్రి నుంచి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల నుంచి నాపరాయి దొరుకుతుంది. కడప బండ అనేది దీన్నే. ఇది సున్నపురాయి. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరల్లో ఒకదానిని నార్జి సున్నపురాయి అని వ్యవహరిస్తారు. గోడలో గూళ్ళు కట్టి ఈ బండలను అరలుగా పరిచి, ముందు తలుపులు బిగించడం మన ఊళ్ళలో తరాల నుంచి ఉన్న పద్ధతి. ఇంటీరియర్ కొటేషన్లలో మాత్రం ఈ పద్ధతి సాధారణంగా కనిపించదు, ఎందుకంటే దానివల్ల వారు బిల్లు కట్టే చదరపు అడుగుల లెక్క తగ్గిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న అల్మరా అనుకోండి. పూర్తిగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేస్తే, రెండు పక్కలకు 28 చదరపు అడుగులు, నడిమి పలకకు 14, పైకీ కిందికీ కలిపి 24, మూడడుగుల పొడవున్న ఆరు అరలకు 36, తలుపులకు 42, అంతా కలిసి 144 చదరపు అడుగులు అవుతుంది. 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒక్కొక్కటి 32 చదరపు అడుగులు కనుక, కోతలో పోయే ముక్కలతో కలిపి కనీసం ఐదు షీట్లు పడతాయి. వెనుక పలకకు 6 మిల్లీమీటర్ల షీట్లు రెండు వేరే. వీటికి తోడు లోపలా బయటా అంటించే మైకా, గమ్, కబ్జాలు, కార్పెంటర్ కూలి ఉంటాయి.

అదే అల్మరాను ఇటుక గోడల మధ్య బండలతో కట్టిస్తే, ప్లైవుడ్ తలుపులకు మాత్రమే కావాలి. 42 చదరపు అడుగులకు రెండు షీట్లు సరిపోతాయి, పైగా ముక్కలు మిగులుతాయి. 20 మిల్లీమీటర్ల మందం బండ చదరపు అడుగుకు దాదాపు 5 కిలోల బరువు ఉంటుంది. అంటే మూడడుగుల అర ఒక్కొక్కటి 30 కిలోలు. గోడలో దించి కట్టిన ఆ అర ట్రంకు పెట్టెలు పెట్టినా వంగదు, చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు పాతబస్తీని ముంచిన సంగతి తెలిసినవారు, లోతట్టు వీధుల్లో ఇల్లు ఉన్నవారు, కనీసం కింది రెండు అరలైనా బండలతో చేయించుకోవడం వివేకం.

అయితే బండ అర అన్ని విధాలా మేలని నేను అనను. ఒకసారి కట్టాక అరల ఎత్తు మార్చలేము. పక్క గోడలు నాలుగున్నర అంగుళాల చొప్పున గదిలో చోటు తింటాయి. సొరుగులు, బట్టలు వేలాడదీసే రాడ్లు, జారుడు తలుపులు కావాలంటే ప్లైవుడ్డే అనువు. అంచులు సరిగా అరగదీయించకపోతే పట్టుచీరల దారాలు పట్టుకుంటాయి కనుక, మేస్త్రితో ముందు అంచును గుండ్రంగా తీయించి పాలిష్ పట్టించాలి. మధ్యలో ఆధారం లేకుండా మూడు మూడున్నర అడుగులకు మించి బండను పరచకూడదు; బరువు పడి చిట్లే ప్రమాదం ఉంది. మరొక ముఖ్యమైన సంగతి, ఈ నిర్ణయం గోడలు లేచే దశలోనే తీసుకోవాలి. ఇల్లు పూర్తయ్యాక గూళ్ళు కట్టించబోతే ఆ దుమ్మూ ఖర్చూ రెండూ భరించలేము. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉన్నవారు కొత్తగా ఇటుక, రాతి బరువు ఎక్కించే ముందు బిల్డరును తప్పక అడగాలి.

కాబట్టి సొంత స్థలంలో ఇల్లు కడుతున్నవారికి నా ఎంపిక ఇది: దుప్పట్లు, సామాన్లు, పాత్రలు దాచే గూళ్ళన్నీ బండలతో కట్టించి, రోజూ వాడే బట్టల అల్మరా ఒక్కటి మాత్రం ప్లైవుడ్‌తో చేయించుకోవాలి. ఫ్లాటు కొన్నవారికి ప్లైవుడ్ తప్పదు. ఆ ప్లైవుడ్‌లో కూడా, పడకగదికి ఐఎస్ 303 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ముద్ర ఉన్నది చాలు. సింకు దగ్గరకు, స్నానాల గది గోడకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోవాలి. ముద్ర షీటు మీద అచ్చయి ఉంటుంది. మైకా అంటించాక అది కనబడదు కనుక, షీట్లు ఇంటికి దిగిన రోజే చూసి ఫొటో తీసి పెట్టుకోవాలి. చెదల విషయంలో ఏ ప్లైవుడ్‌నూ పూర్తిగా నమ్మకూడదు. పునాది దశలోనే ఐఎస్ 6313 ప్రకారం చెదల మందు కొట్టించి, అల్మరా అడుగున నాలుగంగుళాల గ్రానైట్ దిమ్మె వేయించి, దాని మీద చెక్కను నిలబెట్టాలి. నేల తుడిచే తడి గుడ్డ నుంచి కూడా ఆ దిమ్మె చెక్కను కాపాడుతుంది.

వంటగది

ఇక్కడ మాత్రం బిగించే పనికి డబ్బు పెట్టడం న్యాయమే, ఎందుకంటే రోజులో ఎక్కువ చాకిరీ జరిగే గది ఇదే. రాయి ఎంపికలో ఒక్క జాగ్రత్త ఉంది. నాపరాయి సున్నపురాయి కాబట్టి పులుపు పడితే దాని పాలిష్ తినివేస్తుంది. చింతపండు పులుసు, నిమ్మరసం, టమోటా రసం నిత్యం ఒలికే మన వంటింటి గట్టు మీద కడప బండ వేస్తే కొన్నాళ్ళకే తెల్లటి మచ్చలు పడతాయి. గట్టుకు గ్రానైట్, గట్టు కింది అరలకు కడప బండ, ఇదే సరైన జోడు. స్నానాల గదిలో వాడే యాసిడ్‌ను నాపరాతి నేల మీద పోయకూడదని పనివారికి ముందే చెప్పిపెట్టాలి.

మాడ్యులర్ కిచెన్ పూర్తిగా పెట్టించాలా అంటే, నేను వద్దంటాను. చెంచాలు, గరిటెలు, చిన్న గిన్నెలకు మూడు సొరుగుల వరుస ఒకటి, గ్యాస్ సిలిండరుకు తలుపున్న గూడు ఒకటి ఉంటే, మిగిలినదంతా బండ అరలు, వాటికి తలుపులు చాలు. పండుగకు పదిమందికి వండే డేగిసాలు, సంగటి చేసే పాత్రలు తీగ బుట్టల్లో ఇమడవు. బుట్టలు పెట్టించుకునేవారు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగాలి. మన బోరు నీళ్ళలోని ఉప్పుకు 202 రకం త్వరగా మచ్చలు పడుతుంది.

ఫాల్స్ సీలింగ్, గోడ ప్యానెళ్ళు

వీటి గురించి క్లుప్తంగా చెబితే చాలు. పది అడుగుల ఎత్తున్న గదిలో ఫాల్స్ సీలింగ్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు తినివేస్తుంది. పై మిద్దె ఎండకు కాగుతున్నదని ఫాల్స్ సీలింగ్ పెట్టించేవారు ఉన్నారు. మధ్యలో ఉండే గాలి పొర వల్ల కొంత ఉపశమనం ఉంటుంది, నిజమే. కానీ వేడిని లోపలికి వచ్చాక ఆపడం కంటే, మిద్దె మీద తెల్లని కూల్ రూఫ్ పూత వేయించి బయటే ఆపడం చాలా తక్కువ ఖర్చు, ఫలితం ఎక్కువ. అందం కోసమే అయితే హాలులో ఒక్క గోడ పక్కగా రెండడుగుల పట్టీ మాత్రం జిప్సం బోర్డుతో చేయించి, లోపల దీపాలు పెట్టించుకోవచ్చు. మిద్దె కారే ఇంట్లో మాత్రం కారడం ఆపకుండా జిప్సం గాని, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) గాని పెట్టించడం డబ్బును నీళ్ళలో పోసినట్టే.

టీవీ వెనుక గోడకు గాడులున్న ప్యానెళ్ళు ఇప్పుడు ఇంటింటా కనబడుతున్నాయి. వాటి సందుల్లో దుమ్ము తీయడం చాలా కష్టం. పైగా ఐదేళ్ళ తరువాత మనసు మారితే, విప్పిన చోట గోడ నిండా రంధ్రాలు మిగులుతాయి. ఆ డబ్బులో సగం పెట్టినా అదే గోడకు మంచి రంగు, ఒక పెద్ద చేతిపని, దాని మీద ఒక దీపం వస్తాయి. వాల్‌పేపరును కొత్త గోడకు అంటించకూడదు; ప్లాస్టరింగులోని తడి పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది, ఆ లోపల అంటిస్తే అంచులు లేచిపోతాయి.

కర్టెన్లు, నేల మీద పరిచేవి

అమర్చుకునే వస్తువుల్లో మొదటి రూపాయి కర్టెన్లకే పెట్టాలి. మన ఎండకు ఇవి అలంకరణ మాత్రమే కాదు, నీడ కూడా. పడమటి కిటికీకి వెనుక మందపాటి లైనింగ్ ఉన్నవి, ఉత్తరపు కిటికీకి పలుచనివి తీసుకోవాలి. ఐదడుగుల కిటికీకి రాడ్డు ఆరడుగులు ఉండాలి. మడతలు నిండుగా పడాలంటే బట్ట వెడల్పు రాడ్డుకు రెండింతలకు తగ్గకూడదు. నాలుగున్నర అడుగుల పన్నా ఉన్న బట్ట మూడు పలకలు వేస్తే పదమూడున్నర అడుగులు వస్తుంది, అది సరిపోతుంది. దుకాణంలో రెండు పలకలతో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు; మూసినప్పుడు అది దుప్పటి కట్టినట్టు బిగుసుకుని కనిపిస్తుంది.

నూలు బట్టా, పాలిస్టరా అని అడిగితే, ఎండ నేరుగా పడే కిటికీకి పాలిస్టర్ రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. నీడపట్టున ఉన్న గదులకు నూలు బట్ట హాయిగా ఉంటుంది. నూలు బట్టను కుట్టించే ముందు ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి, లేకుంటే మొదటి ఉతుకులోనే రెండంగుళాలు పొట్టి అవుతుంది. కర్నూలు జిల్లావారికి ఎమ్మిగనూరు దగ్గరే ఉంది. చేనేత దుప్పట్లకు, తువ్వాళ్ళకు పేరు పొందిన ఆ ఊరి నేత బట్ట దివాన్ మీదికి, సోఫా గలీబులకు చక్కగా కుదురుతుంది, వారం వారం ఉతికినా తట్టుకుంటుంది.

హాలంతా కార్పెట్ పరచడం ఇక్కడ సరికాదు. వేసవిలో చల్లని బండ మీద ఒట్టి కాళ్ళతో నడవడమే సుఖం, పైగా కార్పెట్ దుమ్మును మింగి దాచుకుంటుంది. సోఫా ముందు పరిచేందుకు ఉతకగలిగిన జంపఖానా ఒకటి చాలు. అనంతపురం వైపు కురుబలు నేసే గొర్రె బొచ్చు కంబళి ఉంటే దాన్ని కూడా వాడవచ్చు. నల్లని, బూడిద రంగు చారలు నాపరాతి నేల మీద ఎంతో నిండుగా ఉంటాయి. ఉన్నికి పురుగు పడుతుంది కనుక నెలకొకసారి ఎండలో వేయాలి.

గోడ మీద ఏమి పెట్టాలి

ఈ ఒక్క విషయంలో మన ప్రాంతానికి ఉన్న సంపద చాలా పట్టణాలకు లేదు. అయినా ఆన్‌లైనులో కొన్న ప్రింటు పటాలే ఎక్కువ ఇళ్ళలో కనబడడం నాకు బాధగా ఉంటుంది. ఆ పటాల ఖరీదుకు కొంచెం కలిపితే చేతిపని వస్తుంది.

మొదట చెప్పవలసినది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. మేక తోలును శుభ్రపరిచి, వెలుగు దాటేంత పలుచగా చేసి, బొమ్మ గీసి, చిన్న ఉలులతో వేల రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. ఆడించే బొమ్మలతో పాటు ఇప్పుడు గోడ పటాలు, దీపాల గొడుగులు, తలుపు తెరలు కూడా చేస్తున్నారు.

వీటిని కొనేటప్పుడు పటమా, దీపమా అన్న ఎంపిక వస్తుంది. మామూలు పటంలా గోడకు ఆనించి అద్దం బిగిస్తే బొమ్మలో సగం అందమే కనిపిస్తుంది, ఎందుకంటే దాని ప్రాణమంతా వెనుక నుంచి వచ్చే వెలుగులో ఉంది. గోడకూ బొమ్మకూ మధ్య రెండు మూడంగుళాల సందు వదిలిన పెట్టెలో అమర్చి, వెనుక ఎల్‌ఈడీ పట్టీ వేయిస్తే, ఆ రంధ్రాల గుండా నగల చుక్కలు, చీర అంచులు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఎరుపు, ఆకుపచ్చ రంగులు గాజు ముక్కల్లా మెరుస్తాయి. టీవీ వెనుక గోడకు ప్యానెళ్ళ బదులు నేను సూచించేది ఇదే. అంత ఖర్చు వద్దనుకునేవారు ఒక దీపపు గొడుగు కొనుక్కుని మూలన పెట్టుకున్నా గది స్వరూపమే మారిపోతుంది. లోపల ఎల్‌ఈడీ బల్బే వాడాలి. పాతకాలపు వేడి బల్బు తోలును ముడుచుకుపోయేట్టు చేస్తుంది. నేరుగా ఎండ పడే చోట, కూలర్ ఎదురుగా పెట్టకూడదు. తడిగుడ్డ తగలనీయక, మెత్తని పొడి కుంచెతో తుడవాలి. అసలుదో నకలుదో తెలియాలంటే వెలుగుకు పట్టి చూడండి: చేత్తో పొడిచిన రంధ్రాలు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి, తోలులో నరాల గీతలు కనబడతాయి, రంగు రెండు వైపులా ఉంటుంది. వీలైనంతవరకు ఊరికి వెళ్ళి చేసేవారి దగ్గరే కొనండి. లేకుంటే ప్రభుత్వ చేతిపనుల దుకాణమైన లేపాక్షి ఎంపోరియంలో అడగండి.

రెండోది ధర్మవరం పట్టు. ఇంట్లో అమ్మమ్మల కాలం నాటి చీర చిరిగిపోయి పెట్టెలో పడి ఉంటే, దాని అంచును, కొంగును వేరుచేసి చట్రంలో బిగించవచ్చు. పట్టు ఎండకు వెలుస్తుంది కనుక కిటికీ ఎదుటి గోడకు వద్దు. వాల్‌పేపరు మీది ముద్రించిన పూలకూ ఈ జరీ అంచుకూ పోలికే లేదు.

మూడోది ఆళ్ళగడ్డ రాతి శిల్పం. ఇది నంద్యాల జిల్లాలో ఉన్నా కర్నూలు, కడప రెండింటికీ దగ్గరే. ఇక్కడ ఎంపికలో చూడవలసినది బరువు. ఒక ఘనపు అడుగు రాయి 75 కిలోలకు పైగా తూగుతుంది. అడుగున్నర ఎత్తు విగ్రహాన్ని కూడా ప్లైవుడ్ షెల్ఫు మీద పెట్టకూడదు. నేల మీద రాతి దిమ్మె కట్టించి పెట్టాలి, లేదా మెట్ల మలుపులో, వసారాలో ఉంచాలి. శిల్పం నచ్చి కొన్న తరువాత చోటు వెతకడం కాకుండా, చోటు కొలుచుకుని వెళ్ళి చెప్పి చేయించుకోవడం మేలు.

ఇత్తడి సంగతి అందరికీ తెలిసినదే. కొత్తగా ఉరుళి (నీళ్ళు పోసి పువ్వులు వేసే వెడల్పాటి గిన్నె) కొనే ముందు అటక మీద ఉన్న పాత గంగాళాన్ని దింపి చూడండి. చింతపండుతో తోమి, బోరు నీళ్ళ మరకలు పడకుండా వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పువ్వులు వేసి వాకిట్లో పెడితే అంతకంటే మంచి వస్తువు బజారులో దొరకదు. అయితే ఇవన్నీ ఒకే గదిలో చేర్చవద్దు. హాలుకు ఒక పెద్ద వస్తువు, దానికి తోడు రెండు చిన్నవి, అంతవరకే.

దీపాలు

నల్లని నాపరాతి నేల వెలుగును మింగేస్తుంది, తెల్లని టైల్స్ వెలుగును వెనక్కి పంపిస్తాయి. కాబట్టి ఒకే కొలత గదికి నేలను బట్టి దీపాలు ఎక్కువ తక్కువలు కావాలి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు; అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపుకు వస్తుంది. 6500 కెల్విన్ తెల్లని ట్యూబులైటు కింద చెక్క, ఇత్తడి, తోలుబొమ్మ అన్నీ పాలిపోయినట్టు కనబడతాయి. హాలుకు, పడకగదికి 3000 కెల్విన్, వంటగదికి, పిల్లలు చదువుకునే బల్లకు 4000 కెల్విన్ ఉన్నవి తీసుకోవాలి. ఆ అంకె పెట్టె మీద ఉంటుంది. ఎలక్ట్రీషియన్ గోడలో పైపులు వేసే రోజే, పటం వచ్చే చోట, మూల దీపం వచ్చే చోట పాయింట్లు పెట్టించాలి. అలంకరణ తరువాత చూసుకుందామనేవారు కూడా ఈ ఒక్క పనిని వాయిదా వేయకూడదు, లేకుంటే గోడల మీద తీగలు వేలాడతాయి.

ఎవరికి అప్పగించాలి

మూడు దారులున్నాయి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు మొత్తం అప్పగించడం ఒకటి, మన ఊరి కార్పెంటరుతో చేయించడం ఒకటి, డిజైనరుకు ఫీజు ఇచ్చి నక్షా మాత్రం గీయించుకుని పని స్థానికంగా చేయించుకోవడం ఒకటి. కంపెనీ పనిలో కోత, అంచుల పట్టీ యంత్రం మీద జరుగుతాయి కనుక ముగింపు శుభ్రంగా ఉంటుంది, ఇంట్లో పని కొన్ని రోజుల్లోనే అయిపోతుంది. కానీ కర్నూలు నుంచి హైదరాబాదుకు గాని, అనంతపురం నుంచి బెంగళూరుకు గాని రెండు వందల కిలోమీటర్లకు పైనే దూరం. ఏడాది తరువాత ఒక కబ్జా ఊడితే దాని కోసం అంత దూరం నుంచి మనిషి రావడం సులభం కాదు. పైగా వారి పనిలో బండ అరలకు సాధారణంగా చోటుండదు. ఊరి కార్పెంటరు వంకర గోడకు తగ్గట్టు కోసి అమర్చగలడు, పిలిస్తే వస్తాడు; కొలతలు, ముగింపు మాత్రం మనిషిని బట్టి ఉంటాయి. అతడు మూడు నాలుగేళ్ళ కిందట చేసిన పనిని ఆ ఇంటికి వెళ్ళి చూడండి. కొత్త పని అందరిదీ బాగానే ఉంటుంది. తలుపులు కిందికి జారాయా, మైకా అంచులు లేచాయా అన్నది పాత పనిలోనే తెలుస్తుంది.

మధ్యతరగతి కుటుంబానికి మూడో దారే అన్నిటికంటే మంచిదని నా అభిప్రాయం. నక్షా ఉంటే కార్పెంటరుకూ మేస్త్రికీ ఎలక్ట్రీషియన్‌కూ ఒకే కొలత తెలుస్తుంది, మాట తేడాలు రావు. ఎవరితో చేయించినా, ప్లైవుడ్ రకం, మందం, మైకా మందం ఒక మిల్లీమీటరా 0.8 మిల్లీమీటరా, కబ్జాలు ఏవి, కొలత ముందు వైపు తలుపుల వైశాల్యానికా లేక లోపలి పలకలన్నిటికా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. ఈ చివరి అంశం మీదే గొడవలు ఎక్కువగా వస్తాయి. పైన చెప్పిన అల్మరాకే ముందు వైపు కొలత 42 చదరపు అడుగులు, పలకల కొలత 144. రేటు తక్కువ చెప్పి రెండో కొలత వేస్తే బిల్లు ఎక్కడికో పోతుంది. కంపెనీ కొటేషన్‌లో జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి.

అద్దె ఇంట్లో ఉన్నవారికి

ఉద్యోగరీత్యా ఈ ఊళ్ళకు వచ్చి రెండు మూడేళ్ళలో మారిపోయేవారు బిగించే పని జోలికి పోనవసరం లేదు. కర్టెన్లు కుట్టించుకునేటప్పుడు పొడవు ఏడున్నర అడుగులు పెట్టించి, కింది మడత లోపలికి నాలుగంగుళాల బట్ట వదిలితే, తరువాతి ఇంట్లో కిటికీ ఎత్తు మారినా పనికొస్తాయి. విప్పి మళ్ళీ బిగించగల స్టీలు బీరువా, మడిచే పుస్తకాల ర్యాకు, నిలబెట్టే దీపం, ఒక జంపఖానా, ఒక తోలుబొమ్మ గొడుగు, ఇవి ఏ ఇంటికైనా వెంట వస్తాయి. గోడకు మేకులు కొట్టనివ్వని ఇంటి యజమాని ఉంటే, పటాలను గోడకు ఆనించి బల్ల మీద నిలబెట్టవచ్చు. తోలుబొమ్మ వస్తువులను లారీలో వేసేటప్పుడు మడవకుండా, రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి, పాత నూలు చీర చుట్టి, బరువులన్నిటికీ పైన ఉంచాలి.